బియ్యం ‘నిండుకున్నాయి’ అనే ఇంట్లో వీలునామా ఎవరు రాస్తారు?

మా దుకాణంలో ‘లేదు’ అనే మాట వినపడకూడదు. కందిపప్పు అయిపోతే ‘నిండుకుంది’ అంటాం. రాత్రి దుకాణం మూసేయం, కట్టేస్తాం. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఎవరూ వెళ్లరు, వెళ్లొస్తారు. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ‘ఒకటి’ అనం. ‘లాభం, రెండు, మూడు’ అని ఎత్తుకుంటాం. తాతయ్య ఒడిలో కూర్చుని నేను నేర్చుకున్న మొదటి అంకె లాభం. తర్వాత ఒడియా బడిలో ‘ఏక, దుయి’ నేర్చుకున్నాను గాని, ఇప్పటికీ బస్తా మీద చెయ్యి వేస్తే నోటికి వచ్చేది లాభమే.

ఇన్ని ముచ్చటైన మాటలున్న ఇంట్లో ‘నేను పోయాక’ అనే మాటకు మాత్రం మారుమాట దొరకలేదు. అందుకని ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఆ ఎత్తని మాటకు మేం ఇంకా కిస్తీలు కడుతూనే ఉన్నాం. కోపంగానే రాస్తున్నాను. మా బంధువులు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఊళ్లో నుంచి కాస్త నడిస్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజావారి జమీందారీనే గీత గీసి పంచారు. పట్టణం ఇటు వచ్చింది, చాలా పల్లెలు అటు మద్రాసు వైపు ఉండిపోయాయి. మా సరుకు సగం అటు నుంచి వస్తుంది, బేరం అంతా ఇటు కొండల మీద. గుమ్మ, కాశీనగరం వైపు చిన్న కొట్లవాళ్లు మా దగ్గర టోకున సరుకు అరువుకు తీసుకుంటారు. చింతపండు, జీడిపిక్కలు చేతికొచ్చాక తీరుస్తారు. తాతయ్య పెట్టిన వ్యాపారం ఇది. నాన్న చేతిలో నలభై ఏళ్లు నడిచింది. అందులో చివరి పదకొండేళ్లు చిట్టా, ఆవర్జా, పన్నుల రిటర్నులు, సరుకు పురమాయింపు అన్నీ నేనే చూశాను. ఉదయం మా ఆయన కాలేజీకి, నేను పుట్టింటి దుకాణానికి. రెండు వీధుల దూరం.

పదకొండేళ్లు అన్నీ చూశాను అంటున్నాను కదా, వినండి. చెక్కు మీద సంతకం నాన్నది. బ్యాంకు ఖాతా నాన్నది. జీఎస్టీ నంబరు నాన్న పాన్ మీద. ఓటీపీ వచ్చే ఫోను నాన్న జేబులో. గల్లాపెట్టె తాళం నాన్న మొలతాడుకు. ఎప్పుడైనా ‘నాన్నా, బ్యాంకులో నా సంతకం కూడా పెట్టించండి’ అంటే నవ్వి, ‘నీకు కావలసినప్పుడు నేను పెడతాను కదమ్మా’ అనేవారు. ఆ మాటలో ప్రేమ ఉంది, నేను కాదనను. కాకపోతే గుండెపోటు వచ్చిన రోజు ఆ ప్రేమ బ్యాంకు కౌంటరు దగ్గర పనికి రాలేదు.

సొంత యజమాని పేరు మీద ఉన్న వ్యాపారం ఆయనతోనే పోతుందని ఎందరికి తెలుసు? దుకాణం ఉంటుంది, కాటా ఉంటుంది, బస్తాలు ఉంటాయి. కాగితం మీద మాత్రం ఏమీ మిగలదు. మరణ ధ్రువపత్రం ఇవ్వగానే బ్యాంకు ఖాతా ఆపేసింది. గల్లాపెట్టె పక్కన అంటించిన క్యూఆర్ కోడ్ ఆ సాయంత్రం నుంచి పనిచేయలేదు. డబ్బు ఎందుకు వెళ్లడం లేదని ఖాతాదారులు ఒకరి వెనక ఒకరు ఫోన్లు ఊపుతుంటే, ఆ స్టిక్కరును గోటితో గీకి తీశాను. సగమే వచ్చింది. మిగతా సగం బల్లకే ఉంది.

పాత జీఎస్టీ నంబరు రద్దు చేయించుకుని, నడిపేవారు తమ పాన్ మీద కొత్తది తీసుకోవాలి. పాత ఖాతాలో మిగిలిన పన్ను జమను కొత్త ఖాతాకు మార్చడానికి ఐటీసీ-02 అనే ఫారం ఉంది. అన్నింటికీ ఓటీపీ నాన్న ఫోనుకే. అందుకని పోయిన మనిషి ఫోనుకు నెలనెలా రీఛార్జ్ చేయించాను. మోగితే అమ్మ ఉలిక్కిపడేది. ఇక ఆహార లైసెన్సు. యజమాని చనిపోతే వారసులు ఆ లైసెన్సు మీద 90 రోజులు నడుపుకోవచ్చు, ఆలోగా మార్చుకోవాలి. ఆ 90 రోజుల్లో మా ఇంట్లో జరిగిందేమిటంటే, ఎవరి పేరున మార్చాలి అనే చర్చ.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగవాడి సొంత ఆస్తికి కొడుకు, కూతురు, భార్య, తల్లి సమాన హక్కుదారులు. చాలామంది ఆ నాలుగో మనిషిని మరిచిపోతారు. మా నాయనమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. కొడుకు పోయాడన్న సంగతే ఒక పూట గుర్తుంటుంది, ఒక పూట ఉండదు. ఆమెను ఆటోలో కూర్చోబెట్టి బ్యాంకుకు తీసుకెళ్లాం. జీవితమంతా చింతపండు పిక్క తీసిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. యంత్రం మీద పెట్టించిన ప్రతిసారీ ఎర్రదీపం. అయిదోసారి ఆమే అడిగింది, ‘వాడిని పిలవండమ్మా, సంతకం వాడు పెడతాడు’ అని. అక్కడున్న గుమస్తా తల దించుకున్నాడు. ఆ రోజు నాన్న మీద నాకు వచ్చిన కోపం ఇంతవరకూ చల్లారలేదు.

నామినీ ఉన్నారు కదా అని సలహా ఇచ్చినవారున్నారు. ఉన్నారు, అమ్మ. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి. అందుకున్నంత మాత్రాన సొంతదారు కారు, వారసుల లెక్క వారసులదే. ఇది తెలియక కొట్టుకున్న అన్నదమ్ములు మా వీధిలోనే ఉన్నారు.

పెద్దకర్మ రోజు సాయంత్రం జరిగింది చెప్పాలి. మామయ్య తాళాల గుత్తికి పసుపు రాసి, నలుగురి ముందు తమ్ముడి చేతిలో పెట్టారు. వాడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. పదేళ్లలో దుకాణంలో పది గంటలు కూర్చుని ఉండడు. అది వాడి తప్పు కాదు, చదువుకోమన్నది మేమే. గద్దె మీద కూర్చోబెట్టారు, హారతి ఇచ్చారు. వాడు ముందున్న అరువు పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిప్పి, నా వైపు చూసి మెల్లగా అన్నాడు: ‘అక్కా, ఇది చదవడం రాదు నాకు.’

మా తమ్ముడు తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడతాడు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదువుతాడు, రాస్తాడు. తెలుగు అక్షరం రాదు. ఈ సరిహద్దులో పుట్టిన మా తరంలో చాలామంది అంతే. నేను నేర్చుకున్నది కూడా బడిలో కాదు, తాతయ్య చిట్టా మీద. యాభై ఏళ్ల వ్యాపారం, ఎవరు మాట మీద నిలబడతారు, ఎవరికి వర్షాకాలంలో గడువు ఇవ్వాలి, ఎవరితో మొదట టీ తాగి తర్వాత అడగాలి, అంతా ఆ లిపిలో ఉంది. తాళం వారసుడికి ఇచ్చారు. పుస్తకం చదవగలిగిన మనిషి హారతి పళ్లెం పట్టుకుని పక్కన నిలబడింది.

అన్నీ నేను చదవగలిగానా అంటే అదీ లేదు. నాన్న మనుషుల పేర్లు రాసేవారు కాదు, గుర్తులు రాసేవారు. ‘మెట్ట మీది కొట్టు – 14,250, చింతపండు వచ్చాక.’ ‘కాశీనగరం చిన్నది – 6,000.’ ‘పెళ్లివారు – 3,100.’ ‘నీలం గొడుగు – 8,400.’ మెట్ట మీది కొట్టు నాకు తెలుసు. చిన్నది ఎవరో అమ్మ చెప్పింది. పెళ్లివారు వాళ్లంతట వాళ్లే వచ్చి తీర్చేశారు. నీలం గొడుగు ఎవరో ఇప్పటికీ తెలియదు. మొత్తం ఆరు లక్షల పైచిలుకు బాకీలో లక్షా డెబ్భై వేలు ఇలాంటి గుర్తుల కిందే ఉన్నాయి. సంతకు వెళ్లినప్పుడల్లా జనం గొడుగుల వైపు చూస్తున్నానని మా ఆయన వెక్కిరిస్తారు.

వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. కుటుంబ వ్యాపారాల్లో మూడో తరానికి మిగిలేవి నూటికి పదమూడే అని, అందుకే పిల్లలకు విలువలు నేర్పమని. ఆ లెక్క 1987లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రపు ఫ్యాక్టరీల మీద చేసిన పరిశీలన నుంచి వచ్చింది. పర్లాకిమిడి కిరాణాకు దాన్ని అంటగట్టడం ఏమిటో! పైగా ప్రతిసారీ తిట్టు పడేది మూడో తరానికే. సంపాదించినవాడు గొప్ప, నిలబెట్టినవాడు గొప్ప, మనవడు మాత్రం తగలేశాడు. ఆ మనవడికి సంతకం పెట్టే హక్కు ఎప్పుడు వచ్చిందో ఎవరూ అడగరు. యాభై ఏళ్లు వచ్చినా ‘నాన్నగారిని అడిగి చెప్తాను’ అనే కొడుకులను నేను మా బజారులోనే ఏడుగురిని చూపిస్తాను. తండ్రి పోయిన రోజున అంతటి మనిషి మొదటిసారి సొంతంగా బేరం మాట్లాడతాడు. తప్పు చేయకుండా ఉంటాడా? ఇరవై ఏళ్లప్పుడు పదివేలు పోగొట్టుకుని నేర్చుకోవలసిన పాఠాన్ని యాభైలో పది లక్షలు పోగొట్టి నేర్చుకుంటాడు.

పెద్ద ఇళ్లలో మాత్రం ఏమంత తెలివి ఉంది? ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా లేకుండా పోయారు. కొడుకుల మధ్య తగువు వీధిన పడి, 2005లో తల్లి కోకిలాబెన్ పంపకం చేయవలసి వచ్చింది. చెన్నై మురుగప్ప గ్రూపులో తండ్రి 2017లో పోయాక కూతురు వళ్లి అరుణాచలం కుటుంబ సంస్థ బోర్డులో చోటు అడిగారు. ఆమె అణుశాస్త్రం చదివిన ఇంజనీరు. 2020లో వాటాదారులు ఓటు వేసి మరీ కాదన్నారు. రాజీ కుదిరేసరికి 2023 వచ్చింది. మా వైపు రాజాంలో పుట్టి, జనపనార మిల్లుతో మొదలుపెట్టిన జి.ఎం. రావు మాత్రం అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే కుటుంబమంతటినీ కూర్చోబెట్టి ఒక రాజ్యాంగమే రాయించారు. విమానాశ్రయాలు కట్టేవారికి సరే, మనకెందుకు అంటారేమో. మనకే ఎక్కువ కావాలి. వారికి వకీళ్లు ఉంటారు. మనకు మామయ్య ఉంటాడు.

ఆ మామయ్యే అన్నారు, ‘పెళ్లయిన పిల్ల పేరున పెడితే దుకాణం అల్లుడి ఇంటిదైపోదా?’ అని. పదకొండేళ్లుగా నేను ఆ గడప తొక్కుతుంటే మా ఆయన ఇంటికి దుకాణం నుంచి వెళ్లింది ఏమైనా ఉందంటే, చేతులకు అంటిన పసుపు. చట్టం మాట అయితే, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు 2005 సెప్టెంబరు 9 నుంచే ఉంది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. మాది ఉమ్మడి ఆస్తి కాదు కాబట్టి అంత దూరం వెళ్లే అవసరమే లేదు, నాలుగో వంతు ఎలాగూ నాదే. నా గొడవ వంతు గురించి కాదు మామయ్యా. చట్టం వాటా ఇస్తుంది, గద్దె ఇవ్వదు. గద్దె మీద ఎవరు కూర్చోవాలో చెప్పవలసింది నాన్న. నోరు తెరిచి, నలుగురి ముందు, ఒక్కసారి ‘ఇది మా అమ్మాయి నడుపుతుంది’ అని ఉంటే పెద్దకర్మ రోజున పసుపు రాసిన తాళం నా చేతికి వచ్చేది. ఆయన మనసులో ఉన్నది అదేనని తమ్ముడు నమ్ముతాడు, అమ్మ నమ్ముతుంది. మనసులో ఉన్నదానికి సాక్షులెవరు?

తమ్ముడు మంచివాడు కాబట్టి బతికిపోయాం. రెండో వారమే అందరినీ కూర్చోబెట్టి, వ్యాపారం అక్క పేరున పెట్టమన్నాడు. తన వాటా ఎంతో, అది ఎప్పుడు, ఎలా అందుతుందో కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం రాస్తున్నప్పుడు అమ్మ ఏడ్చింది, అక్కాతమ్ముళ్ల మధ్య రాతకోతలు ఏమిటని. పొరుగు ఊరి ఖాతాదారుకు అయిదు వందల అరువు రాయకుండా ఇవ్వని ఇల్లు మాది! సొంత పిల్లల దగ్గరికి వచ్చేసరికి రాయడం అవమానమైపోతుంది. అన్ని ఇళ్లలోనూ ఇలాంటి తమ్ముడు పుడతాడని లెక్కవేసుకుని వ్యాపారం చేయలేం కదా.

కొత్త జీఎస్టీ నంబరు వచ్చింది, ఒడిశా అంకె 21తోనే మొదలవుతుంది, మిగతా అంకెలు నావి. కొత్త క్యూఆర్ కోడ్ పాత స్టిక్కరు మిగిలిన సగం మీదే అంటించాను. చిట్టా ఇప్పుడు తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తున్నాం, గుర్తులు మానేసి పేర్లతో. బ్యాంకులో నాతోపాటు తమ్ముడి సంతకం కూడా ఉంది. మా గుమస్తా ఈ ఏడాది చింతపండు బేరాలు రెండు సొంతంగా మాట్లాడాడు. ఒకదాంట్లో నష్టం వచ్చింది. ఏమీ అనలేదు, లోపల మాత్రం మండింది.

పోయిన నెల నేను కూడా కూర్చుని రెండు పేజీలు రాశాను. నాకు నలభై ఒకటి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ మన ఇష్టం. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. సాక్షులుగా ఇద్దరు సంతకం చేయాలి, అంతే. మా ఆయన స్నేహితుడు ఒకరు వెంటనే చేశారు. రెండో సంతకం కోసం ఎదురు దుకాణం బాబాయి దగ్గరికి వెళ్లాను. తాతయ్య కాలం నుంచి తెలిసినవారు. కాగితం చూసి, కలం నా చేతిలోనే తిరిగి పెట్టి, ‘శుక్రవారం పూట, దీపాలు పెట్టే వేళ ఈ మాటలేమిటి తల్లీ’ అన్నారు. సరే, సోమవారం పొద్దున్నే వస్తానన్నాను.

సోమవారం వెళ్లాను. అమావాస్యట.