రక్తబీజుడికి సున్నం

మా హాల్లో టీవీ ఉండాల్సిన చోట 40 గ్యాలన్ల సముద్రం ఉంటుంది. అంటే సుమారు 150 లీటర్ల ఉప్పునీళ్ళు, రెండు క్లౌన్ చేపలు, నాలుగైదు రకాల పగడపు జీవులు, నెల తిరిగేసరికి గుండె జారే కరెంటు బిల్లు. డాలస్‌కి సముద్రం లేదు కాబట్టి ఇంటికి తెచ్చుకున్నానని అందరికీ చెబుతుంటాను. "భీమవరంలో పుట్టినవాడికి నీళ్ళ పిచ్చి ఎక్కడికి పోతుందిలే" అని మా ఆవిడ సర్దుకుపోయింది.

పోయినేడాది ఒక పగడం కొంటే, అది కూర్చున్న రాయి పక్కన గోధుమరంగు బుల్లి పువ్వొకటి ఊరికే వచ్చింది. గాజులా అవతలికి కనిపించే ఒళ్ళు, సన్నటి వేళ్ళు, నీళ్ళలో నెమ్మదిగా ఊగడం. మురిసిపోయి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. "ఎంత బావుందిరా, అంటు కట్టి ఒకటి తెచ్చిపెట్టు" అంది మా పిన్ని. ఆవిడ నోట ఏ వేళప్పుడు ఆ మాట వచ్చిందో గానీ!

దాని పేరు ఎయిప్టేసియా. ఎనిమోన్ జాతి. పువ్వులా ఉంటుంది గానీ జంతువు. నోరుంది, ఆకలుంది, వేలువేలునా కుట్టే కణాలున్నాయి. పక్కనున్న పగడాన్ని కుట్టికుట్టి చోటు ఖాళీ చేయిస్తుంది. సంగతి తెలిశాక పట్టకారు తీసుకుని పీకబోయాను. తగిలీ తగలకముందే రాతి సందులోకి ముడుచుకుపోయింది. లాగితే సగం వచ్చింది. వచ్చిన సగాన్ని చూసి విజయగర్వంతో కాఫీ తాగాను.

మూడు వారాల తర్వాత లెక్కపెడితే తొమ్మిది.

దీని పాదం నుంచి చిన్న ముక్క రాతికి అంటుకుని మిగిలినా చాలట, ఆ ముక్కే నోరూ వేళ్ళూ మొలిపించుకుని కొత్త ఎయిప్టేసియా అయిపోతుంది. ఇంత మొండిగా బతుకుతుంది కాబట్టే పగడాల మీద పరిశోధన చేసేవాళ్ళు ప్రయోగశాలల్లో దీన్ని పనిగట్టుకుని పెంచుతారు. నేల మీద పడ్డ ప్రతి రక్తపు బొట్టు నుంచీ ఒక రాక్షసుడు లేచాడని రక్తబీజుడి కథలో విన్నప్పుడు, మరీ అతిశయోక్తి అనుకునేవాణ్ణి. అక్కడ అమ్మవారికి కాళిక తోడొచ్చింది. ఇక్కడ నాకు మా ఆవిడ కూడా రాలేదు. పైగా పులిహోరకి ఉంచిన నిమ్మకాయలు పిండి వాటికి ఇంజక్షన్లు చేశానని రెండు రోజులు మాట్లాడలేదు. ఆ నిమ్మరసానికి రెండు పోయాయి, ఐదు పుట్టాయి.

సరిగ్గా అప్పుడే నాన్నగారు ఆరు నెలలకని దిగారు. ముప్ఫై ఏళ్ళు రొయ్యల చెరువులు చేసిన మనిషి. నా సముద్రం ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "మేత రోజుకెంత?" అన్నారు. చెప్పాను. "పంట ఎప్పుడు?" అన్నారు. పంట ఉండదని చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

ఎయిప్టేసియాని తింటాయని మూడు పిప్పర్‌మెంట్ రొయ్యలు తెచ్చాను, ఒక్కోటీ 15 డాలర్లు. నాన్నగారు సంచిని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇదేం కౌంటురా? కిలోకి ఎన్ని తూగుతాయి?"

"కౌంటేంటి నాన్నగారూ, మూడే రొయ్యలు."

"మూడింటికి నలభై ఐదు డాలర్లా! మేం కిలో లెక్కన అమ్మాం, నువ్వు తల లెక్కన కొంటున్నావు."

అవి చేపలకి వేసిన మేత తిని, పగలంతా రాతికింద పడుకునేవి. "మేత బాగా ఉన్నప్పుడు పిచ్చిమొక్కల్ని ఎవడు తింటాడ్రా" అన్నారాయన. ఆ విషయంలో ఆయనదే కరెక్ట్.

ఇక మిగిలింది కాల్క్‌వాసర్. జర్మన్ పేరు, ఖరీదైన డబ్బా. లోపల ఉన్నది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన సున్నమే. అది తెలిసి నాన్నగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "మేం చెరువుకి బస్తాల్లో చల్లాం, నువ్వు ఇంజక్షన్ చేస్తున్నావా!"

ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం. సున్నం చెదిరిపోకూడదని పంపులన్నీ ఆపాను. కిళ్ళీకి రాసేటంత చిక్కగా కలిపి, మొద్దు సూది ఉన్న సిరంజిలోకి ఎక్కించాను. ఊపిరి బిగబట్టి, నీడ పడకుండా, నెమ్మదిగా దాని నోటి మీదికి తీసుకెళ్ళి ఒక్క చుక్క వదిలాను. మేత అనుకుంది పాపం. వేళ్ళన్నీ లోపలికి మడిచి గుటుక్కున మింగింది. ఒళ్ళు తెల్లబడి ముద్దలా కూలింది. నా జీవితంలో అంత తృప్తిగా ఎవరికీ భోజనం వడ్డించలేదు. ఇలా ఏడింటికి పెట్టాను. పావుగంట దాకా పంపులు వేయకూడదు. చేతికంటిన సున్నం కడుక్కుందామని లోపలికెళ్ళాను.

కరెంటు పోయి, చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రాత్రికి రాత్రి పంట తేలిపోతుంది. ఆ భయంతో ముప్ఫై ఏళ్ళు పడుకున్న మనిషికి చప్పుడు నిద్రలేపదు, చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. సోఫాలో కునుకు తీస్తున్న నాన్నగారు దిగ్గున లేచారు. "ఏరేటర్లు ఆగిపోయాయిరా!" అన్న కేక నాకు వినపడేలోగా ఉన్న స్విచ్చులన్నీ వేసేశారు.

నేను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి సముద్రం మజ్జిగైపోయింది. చేపలు ఎక్కడున్నాయో తెలియదు. ఎప్పుడూ 8.2 దగ్గరుండే పీహెచ్ మీటరు 8.9 చూపిస్తోంది.

నాన్నగారు తాపీగా వంగి చూసి, "సున్నం ఎక్కువైంది. నీళ్ళు మార్చు" అన్నారు.

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయదగ్గది కాదు. కానీ చేయాల్సింది కూడా అదే. ఆయన లుంగీ పైకి కట్టి, పైపు నోట్లో పెట్టుకుని లాగి, నీళ్ళు బకెట్లోకి మళ్ళించి, నోట్లోది సింకులో ఉమ్మేసి, "ఉప్పు మాత్రం సరిపోయింది" అన్నారు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు పెట్టి చూశాను. 35. సరిపోయింది.

రాత్రి పదకొండుకి చేపలు బయటికొచ్చాయి. పగడాలు వారం రోజులు అలిగి ముడుచుకున్నాయి. ఎయిప్టేసియాలు మర్నాడు పొద్దున్నే విచ్చుకున్నాయి, కాస్త కళగా కూడా ఉన్నాయి.

చివరికి వాటిని వదిలించినవి బెర్గియాలు. గుల్ల లేని బుల్లి సముద్రపు నత్తలు. ఎయిప్టేసియా తప్ప మరొకటి ముట్టవు. ఆరు తెచ్చి వదిలితే రెండు నెలల పాటు రాత్రిపూట గుట్టుచప్పుడు కాకుండా పని చేసి, చివరి వేలు దాకా తినేశాయి. అప్పటికి నాన్నగారు భీమవరం వెళ్ళిపోయారు.

తినడానికి ఏమీ లేక అవి చిక్కిపోవడం మొదలుపెట్టాయి. ఇంత ఉపకారం చేసినవాటిని కళ్ళముందు ఆకలితో చంపుకోలేక, నలభై మైళ్ళు కారు నడిపి, నాలాంటి పిచ్చే ఉన్న ఒకాయన దగ్గర ఎయిప్టేసియాలు నిండుగా పట్టిన రాయి ఒకటి పుచ్చుకున్నాను. గ్యారేజీలో గాజు సీసాలో పెట్టి, ఆ ఎయిప్టేసియాలకే మేత వేస్తుండగా నాన్నగారి వీడియో కాల్.

"ఆ సీసాలోవి ఏంట్రా? అవేనా?"

"..."

"డబ్బులిచ్చి కొన్నావా?"

సిగ్నల్ సరిగ్గా లేదని సైగ చేశాను.