కొత్తిమీర కట్టకి లద్దాఖ్ హెల్మెట్టు

లద్దాఖ్ పోయే బండి కొన్నవాళ్ళందరూ లద్దాఖ్ పోరు గానీ, లద్దాఖ్ హెల్మెట్టు మాత్రం అందరూ కొంటారు. అలాంటి బళ్ళలో 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చింది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్ వచ్చాయి. వాటి వెనకాలే ఈ హెల్మెట్టూ మన ఊళ్ళలోకి దిగింది. పైన టోపీ చూరులా ముందుకు పొడుచుకొచ్చిన బెత్తెడు పీకు, కింద సాగదీసిన గడ్డం, మధ్యలో గుమ్మమంత గ్లాసు. మనవాడు సందు మలుపు తిరిగితే ముందు పీకు వస్తుంది, కాసేపటికి మనవాడు వస్తాడు. వెళ్ళేది రైతుబజారుకి, తెచ్చేది కొత్తిమీర కట్ట. అయినా సరే, హెల్మెట్టు మాత్రం లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ ఎక్కడానికి సిద్ధంగా ఉంటుంది.

కథ షాపులోనే మొదలవుతుంది. హెల్మెట్టు తలకి పట్టేసి, బుగ్గలు రెండూ నోట్లోకొచ్చి, "కొంచెం బిగుతుగా ఉంది" అనబోతే "కొంతెం బిదుతుదా ఉంది" అని వినిపిస్తుంది. షాపతను తల కూడా ఎత్తడు. "రెండ్రోజుల్ల లూజ్ అయితదన్నా." ఇందులో సగం నిజం. బుగ్గల దగ్గరి మెత్తలు కొన్ని గంటల వాడకానికి అణుగుతాయి, కాబట్టి బుగ్గలు నొక్కుకోవడం మంచి లక్షణమే. కానీ నుదుటి మీద ఒకే చోట రూపాయి బిళ్ళంత మేర నొప్పి పుడితే అది రెండ్రోజులకి కాదు గదా, రెండేళ్ళకీ తగ్గదు. ఆ నొప్పి పెట్టేది మెత్త కాదు, వెనకున్న థర్మాకోల్. మన తల కోల, దాని లోపలి ఆకారం గుండ్రం అని అర్థం. ఆ జాతకాలు కలవవు, ఇంకో మోడల్ చూసుకోవాల్సిందే.

అందుకని ముందు టేపు పెట్టి కొలవాలి. కనుబొమల పైన ఓ అంగుళం వదిలి, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టాలి. 57, 58 సెంటీమీటర్లు వస్తే చాలా కంపెనీల్లో మీడియం, 59, 60 అయితే లార్జ్. పెట్టుకున్నాక బెల్టు బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి లాగాలి. ఊడి చేతికొస్తే రోడ్డు మీదా ఊడుతుంది. ఊడకపోతే షాపులోనే పావుగంట సేపు తీయకుండా కూర్చోవాలి. ఫ్యాను ఉండదు, షాపతను అదోలా చూస్తాడు, పక్కన ఎవరో పిల్లాడు "మమ్మీ, రోబో" అంటాడు. భరించాలి. బిల్లు కట్టేముందు లోపల ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 అనే అంకె ఉన్నాయో లేదో చూసుకోవాలి. 2021 జూన్ నుంచి ఆ మార్కు లేని హెల్మెట్టు అమ్మడమే నేరం.

ఇంటికి తెచ్చాక మొదటి శస్త్రచికిత్స. పీకు రెండు పక్కలా రెండు స్క్రూలు, చాలావాటికి పైన మధ్యలో ఇంకోటి ఉంటాయి. అన్నీ ప్లాస్టిక్కే. "ఇంత డబ్బు పోసి కొంటే ప్లాస్టిక్ స్క్రూలా!" అని మనవాడు మండిపడి, హార్డ్‌వేర్ షాపు నుంచి స్టీలు బోల్టులు, వాషర్లు పట్టుకొచ్చి, తెలిసిన మెకానిక్ చేత కదలకుండా బిగింపిస్తాడు. ఆ ప్లాస్టిక్కు పిసినారితనం కాదు. ఈ పీకు మోటోక్రాస్ పందేల నుంచి వచ్చింది, ముందు బండి చక్రం ఎగజిమ్మే మట్టి మొహాన పడకుండా. పడిపోయినప్పుడు అది నేలకి తగిలి పట్టేస్తే మెడ తిరిగిపోతుంది. అందుకే దెబ్బ తగలగానే స్క్రూ పుటుక్కున తెగి పీకు ఊడిపోవాలని అలా పెట్టారు. స్టీలు బోల్టు తెగదు. దానికి బదులు ఏది తెగాలో మనవాడు ఆలోచించలేదు.

బోల్టులు తీసేసి పాత స్క్రూలు పెట్టమంటే, రూపాయి బిళ్ళ పెట్టి పళ్ళు బిగబట్టి తిప్పుతాడు. కర్ర్‌మని ఓ చప్పుడు, మర అరిగిపోతుంది. వేళ్ళతో తిరిగినంత వరకూ తిప్పి, బిళ్ళతో ఇంకో పావు చుట్టు బిగిస్తే చాలు. రేపు దూరం వెళ్తామనగా ఒకసారి వేలితో కదిపి చూసుకోవాలి. ఒంటి సిలిండర్ బండి అదురుడుకి వదులవ్వని స్క్రూ లేదు.

పీకు అసలు రంగు ఊళ్ళో బయటపడదు. హయత్‌నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కాక పడుతుంది. గంటకి 60 దగ్గర అంతా బానే ఉంటుంది. 90 దగ్గరకొచ్చేసరికి ఎవరో వెనక నుంచి జుట్టు పట్టుకుని పైకి లాగుతున్నట్టుంటుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి తోపుడు రెండుంపావు రెట్లవుతుంది, దాన్ని పట్టుకోవడానికి పీకు రెడీగా నిలబడి ఉంటుంది. గడ్డం కింద బెల్టు కోసుకుపోతుంది. తల తనంతట తానే పైకీ కిందకీ ఊగుతుంది. పక్కన పోయే లారీ డ్రైవరు, పాపం, ఇతనెవరో మర్యాదస్తుడు సైడిస్తా రమ్మంటున్నాడనుకుని లోపలికొచ్చేస్తాడు. లేన్ మారదామని మనవాడు కుడివైపు తల తిప్పి చూశాడా, ఆ తల అక్కడే ఉండిపోతుంది. గాలి ఒప్పుకుంటే గానీ వెనక్కి రాదు. ఆ సమయానికే ఓ గరుడ బస్సు పక్కనుంచి సర్రున వెళ్తే పీకు ముందు అవతలికి, ఆ వెంటనే బస్సు వైపుకి గుంజుతుంది. నార్కట్‌పల్లి హోటల్లో దిగి ఇడ్లీ తింటూ కూడా మనవాడు తలూపుతూనే ఉంటాడు. సర్వరు ఇంకో ప్లేటు పెట్టి వెళ్తాడు.

దీనికి మందుంది. చాలావాటిలో మధ్య స్క్రూ వదులు చేసి పీకుని పైకీ కిందకీ జరపొచ్చు. ఫొటోలో ఠీవిగా కనబడాలని పైకెత్తి పెట్టుకున్నవాళ్ళకే బాధ ఎక్కువ, ఎందుకంటే గాలి అడుగు నుంచి దూరుతుంది. చూపుకి అడ్డం రానంత వరకూ దించితే సగం గోల తగ్గుతుంది. అప్పటికీ తల దడదడలాడుతుంటే తప్పు హెల్మెట్టుది కాకపోవచ్చు, బండి ముందు అద్దాన్ని చూడాలి. దాని పై అంచు నుంచి లేచే సుడిగాలి తిన్నగా పీకు కిందకి కొడుతుంటుంది. అది ఎత్తు మార్చే రకమైతే ఒక మెట్టు మార్చి చూడాలి. లేకపోతే బండి నడుస్తుండగా కాస్త వంగి, ఆ తర్వాత కాస్త లేచి కూర్చుని, ఏ ఎత్తులో గాలి ప్రశాంతంగా ఉందో కనిపెట్టాలి. వెనక కూర్చున్న భార్య "ఏమండీ, నడుం నొప్పా?" అంటుంది.

పీకుని మరీ తిట్టకూడదు కూడా. ఇదే హైవే మీద పొద్దున్నే విజయవాడకి బయల్దేరితే సూర్యుడు మొహం మీదే ఉంటాడు. సాయంత్రం హైదరాబాదుకి తిరిగొస్తుంటే మళ్ళీ మొహం మీదే. అప్పుడు తల ఇంత వంచితే చాలు, ఎండ మాయం. లోపలి నల్ల గ్లాసు దించుకున్నా పనవుతుంది గానీ, దాన్ని ఎత్తడం ఎవరికీ గుర్తుండదు. చౌటుప్పల్ దగ్గర చీకటి పడ్డాక మనవాడు బండి పక్కకాపి, "బాబాయ్, ఊళ్ళో కరెంటు పోయిందా?" అని టీ కొట్టతన్ని అడుగుతాడు.

భార్యాభర్తల మధ్య ఇది పెట్టే తగువు ఇంకో రకం. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం నాలుగేళ్ళు దాటిన ఎవరైనా బండెక్కితే హెల్మెట్టు పెట్టుకోవాల్సిందే, వెనక కూర్చున్నవాళ్ళతో సహా. మనవాడు ఔదార్యం కొద్దీ కొత్తది ఆవిడకిచ్చి, పాతది తాను పెట్టుకుంటాడు. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర టక్. సిగ్నల్ దగ్గర బ్రేకేస్తే టక్. గుంత వస్తే టక్‌టక్. మూడు కిలోమీటర్లు పోయేసరికి ఏ టక్ బ్రేకుదో, ఏ టక్ నిన్న రాత్రి మాటకి బదులో తెలీదు. వెనక మనిషికి పీకు తీసేసి ఇవ్వడమొక్కటే కాపురం నిలబెట్టే మార్గం.

బెల్టు దగ్గర ఇంకో తతంగం. కొన్నింటికి మామూలు క్లిప్పు, కొన్నింటికి రెండు ఇనుప రింగులు. రింగులది గట్టి పద్ధతి, కానీ పెట్రోలు బంకులో గ్లోవులతో తంటాలు పడుతుంటే వెనక లైన్లో హారన్లు మోగుతాయి. బెల్టు కొసని రెండు రింగుల్లోంచీ దూర్చాలి. తర్వాత రింగుల్ని విడదీసి, ఆ కొసని వెనక్కి తిప్పి, బయటి రింగు మీదుగా తెచ్చి, లోపలి రింగులోంచి మాత్రమే లాగాలి. కొసన ఉండే ప్రెస్ బటన్ గాలికి బెల్టు చెంప మీద కొట్టకుండా ఉండటానికే. మనవాడు రెండు రింగుల్లోంచీ దూర్చి, బటన్ టక్కున నొక్కి, పనైపోయిందనుకుంటాడు. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి గట్టిగా కిందకి లాగితే అసలు సంగతి తెలుస్తుంది.

వానాకాలం వచ్చేసరికి గ్లాసు లోపల ఆవిరి. దానికి పిన్‌లాక్ అని ఇంకో పల్చటి గ్లాసు లోపల బిగిస్తారు. దాని చుట్టూ సిలికాన్ అంచు ఉంటుంది, రెండింటి మధ్య పొడి గాలి బందీ అవుతుంది, ఆవిరి పట్టదు. మనవాడు బిగిస్తాడు. ప్రపంచమంతా మసక. ఏడుస్తూ కళ్ళ డాక్టరు దగ్గరికి పోతే, ఆయన గోటితో పైన ఉన్న ప్లాస్టిక్ పొర తీసి పారేసి, కన్సల్టేషన్ ఫీజు తీసుకుంటాడు. ఇక పొర తీశాక రెండు గ్లాసుల మధ్యనే నీరు పడితే, అంచు సరిగ్గా అతుక్కోలేదని లెక్క. పక్కల ఉన్న పిన్నులు నిండు గుండ్రంగా ఉండవు, ఓ వైపు ఉబ్బుంటుంది. రెండింటినీ సమానంగా కొద్ది కొద్దిగా తిప్పుతూ పోతే బిగుతు వస్తుంది. తడిసినప్పుడు లోపలి గ్లాసుని చొక్కా అంచుతో తుడిచారా, గీతలు ఖాయం. అసలు గ్లాసు మీది దుమ్ము కూడా పొడిగా తుడవకూడదు. తడిగుడ్డ ఐదు నిమిషాలు కప్పి ఉంచితే అతుక్కున్న పురుగుల శవాలు వాటంతటవే జారిపోతాయి.

లోపలి మెత్తల గురించి చెప్పాలంటే కొబ్బరినూనె గురించి చెప్పాలి. మనవాడు పొద్దున్నే తలకి నూనె దట్టించి హెల్మెట్టు పెట్టేస్తాడు. మే నెలలో దాన్ని విప్పితే ఆఫీసు లిఫ్టులో జనం తర్వాతి అంతస్తులోనే దిగిపోతారు. మెత్తలకి వెనక ప్రెస్ బటన్లుంటాయి, ఊడదీయొచ్చు. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త చిన్నపిల్లల షాంపూ వేసి, చేత్తో నొక్కి, పిండకుండా నీడలో ఆరేయాలి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే స్పాంజి ముద్ద అవుతుంది. ఊడదీసేముందు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. లేకపోతే కుడి బుగ్గది ఎడమవైపు పెట్టి, తిరుపతి దాకా మెడ వంకరగా వెళ్ళాల్సి వస్తుంది. పెంకుని పెట్రోలుతోనో, థిన్నరుతోనో తుడిచే ఉత్సాహవంతులూ ఉన్నారు. అది లోపలి థర్మాకోల్‌ని తినేస్తుంది. పైకి ఏమీ కనబడదు.

బండి ఆపాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తేలని సమస్య. స్కూటర్ సీటు కింద పట్టదు. మనవాడు పీకుని ఓ చివరికి పెట్టి, సీటు మీద కూర్చుని నొక్కుతాడు. సీటూ మూసుకోదు, పీకూ దక్కదు. సైడు అద్దానికి తగిలిస్తే దాని కొన లోపలి థర్మాకోల్‌లో గుచ్చుకుని గుంట చేస్తుంది. పడిపోయినప్పుడు దెబ్బని మింగాల్సింది ఆ థర్మాకోలే. ట్యాంకు మీద పెడితే దొర్లుతుంది. సైడు స్టాండు మీద బండి ఒరిగి ఉంటుంది కాబట్టి ఎడమవైపే దొర్లుతుంది. ఎడమవైపే టీ గ్లాసు పట్టుకుని మనవాడు నిలబడి ఉంటాడు. బెల్టుని హ్యాండిల్‌కి తగిలించి వేలాడదీయడం ఒక్కటే కాస్త మేలు.

ఊళ్ళో తిరగడానికి పీకు పూర్తిగా తీసేస్తే సరిపోదా అంటే, సరిపోతుంది. కానీ తీసినచోట రెండు పక్కలా బొక్కలు మిగులుతాయి. 50 దాటితే చాలు, అందులోంచి గాలి ఈల వేస్తుంది. ముందు పోయే ఆటో డ్రైవరు సైడివ్వమన్నారేమో అనుకుని పక్కకి తప్పుకుంటాడు కూడా. ఆ బొక్కలు మూయడానికి కొన్ని కంపెనీలు డబ్బాలోనే చిన్న ప్లాస్టిక్ మూతలు, స్పేర్ స్క్రూలు ఓ బుల్లి కవర్లో వేసి ఇస్తాయి. మనవాడు ఆ కవర్ కోసం అటక మీది డబ్బా దించి, అట్టముక్కలు కూడా తిరగేసి, చివరికి వంటింట్లోకి కేకేస్తాడు.

"ఆ బూట్ల డబ్బాల్లో వచ్చే పొట్లం లాంటిదా అండీ? పిల్లాడు నోట్లో పెట్టుకుంటాడని ఆరోజే పారేశాను."