సవరణ: కడుపులో బిడ్డకి పాటలు వినిపించేది ఎప్పటినుంచి

మొన్న పెట్టిన పోస్టులో మూడో నెల నుంచే పొట్టకి ఇయర్‌ఫోన్స్ పెట్టి పాటలు వినిపించమని ఉండాది కదా, దాన్ని ఇట్లా మార్చి చదువుకోండి. బిడ్డ శబ్దాలకి స్పందించడం మొదలయ్యేది సుమారు 24 నుంచి 28 వారాల మధ్యలో, అంటే ఆరో నెల ఏడో నెల అన్నమాట, మూడో నెలలో ఏం పెట్టినా వినపడదు. మన నెల్లూరు, కందుకూరు సైడ్ ఏడో నెలలో సీమంతం చేసి పేరంటాళ్లు పాటలు పాడతారే, టైమింగ్ మాత్రం భలే కుదిరింది!

ఇయర్‌ఫోన్స్ అసలొద్దు. అమ్మ గొంతు బయటి నుంచే కాకుండా ఒంట్లోంచి కూడా బిడ్డకి చేరద్ది, మామూలుగా మాట్లాడుకుంటే చాలు. 1986లో డికాస్పర్, స్పెన్స్ అని అమెరికా వాళ్లు, గర్భిణీలతో చివరి ఆరు వారాలు రోజూ ఒకే కథని పైకి చదివించారు, పుట్టినాక ఆ పిల్లలు కొత్త కథ కంటే ఆ కథ వినడానికే ఎక్కువ ఇష్టం చూపించారు, వేరే ఆమె గొంతుతో చదివినా సరే. అంటే గుర్తుపడతారు, అంతే. దాంతో ఐక్యూ పెరుగుద్దని కాదు, ఆ పేరుతో అమ్మే, పొట్టకి కట్టి పాటలు వినిపించే బెల్టులకి డబ్బులు పోయకండక్కా.

మెదడుకి నిజంగా కావాల్సింది అయోడిన్ ఉప్పు, మొదట్లో ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి ఆశా అక్క ఇచ్చే ఐరన్ మాత్రలు, రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు. వికారంగా ఉందని మానేయొద్దు, ఏఎన్ఎంని అడగండి.