ఊళ్లు ఖాళీ అయింది కుర్రాళ్ల వల్లేనా?
కెనడా ప్రెయిరీ (పశ్చిమాన ఉన్న గడ్డి మైదానాల) పల్లెలు ఖాళీ కావడానికి కుర్రకారుకు నగరాల మీదున్న మోజే కారణమని ఒకరు రాశారు. అది సగం నిజమే. అక్కడి సస్కచ్వాన్ రాష్ట్రంలో చాలా ఊళ్లు రైలు కంపెనీలు వేసినవే. గుర్రబ్బండిలో రైలు దగ్గరికి గోధుమలు తోలిన రైతు చీకటి పడేలోగా ఇల్లు చేరాలి కదా, అందుకే అంత దగ్గర దగ్గరగా పెట్టారు. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ అనే రైలు కంపెనీ వాళ్లయితే పేర్లు కూడా అక్షరక్రమంలో పెట్టుకుంటూ పోయారు! లారీలొచ్చాక అన్ని ఊళ్ల అవసరం లేకపోయింది. 1933లో ప్రెయిరీల్లో 5,758 ధాన్యం ఎలివేటర్లు (రైలెక్కించే ముందు ధాన్యం నిల్వ చేసే ఎత్తైన గిడ్డంగులు) ఉండేవి. 1995లో రైలు రవాణా సబ్సిడీ ఎత్తేశాక పాత చెక్క ఎలివేటర్లను ఇంకా జోరుగా కూల్చేశారు. ఎలివేటర్ పోతే ఊరికొచ్చే పన్నూ పోతుంది, తర్వాత బడి. ఐస్ హాకీ ఆడే రింకును మాత్రం ఎలాగోలా నడుపుకుంటారు. నేనుండేది సస్కచ్వాన్ రాజధాని రెజైనాలో. ఆ ఊళ్ల మీదుగా వెళ్తుంటే, ఎదురొచ్చే పికప్ డ్రైవర్ స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు.