డ్రైవర్ నిద్ర ఏ కిరాయిలోనూ లేదు

చట్టంలో ఐదు అన్న అంకె పది అయింది. అంతే, పెద్ద గొడవేమీ జరగలేదు, పేపర్లలో పెద్ద హెడ్డింగూ పడలేదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదుగురు పనివాళ్లున్న ప్రతి రవాణా సంస్థకీ వర్తించేది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది, దూరప్రయాణాలకైతే కొంచెం సడలింపు, మధ్యలో అరగంట విశ్రాంతి, వారానికో సెలవు, అదనంగా చేస్తే రెట్టింపు జీతం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది. ఇప్పుడు పదిమంది ఉంటేనే లెక్కలోకి వస్తారు. మన నెల్లూరు, ఒంగోలు ఆటోనగర్‌లలో మూడు లారీలున్న ఓనర్ని తీసుకోండి. బండికో డ్రైవరు, ఒక క్లీనరు, మొత్తం ఆరుగురు. నిన్నటిదాకా చట్టం లోపల ఉన్నారు, ఇవాళ బయట ఉన్నారు. అసలు క్లీనర్‌ని పెట్టుకునే ఓనర్లే తగ్గిపోతున్నారు కాబట్టి, ఒక్కో బండికి ఒక్కడే అనుకుంటే, పది లారీలున్నవాడి దాకా ఎవరికీ ఈ గంటల లెక్క పట్టదు. మన జిల్లాల్లో పది లారీలున్నవాళ్లు ఎందరు? ఒకటి రెండు బండ్లు ఫైనాన్స్‌లో తీసుకుని నడుపుకునేవాళ్లే ఎక్కువ.

పాత చట్టం మాత్రం ఏం వెలగబెట్టింది అని ఎవరైనా అడిగితే న్యాయమైన ప్రశ్నే. లారీ ఆపి డ్రైవర్‌ని నువ్వెన్ని గంటలు నడిపావని అడిగిన ఆఫీసర్‌ని చూశామని చెప్పే డ్రైవర్ మాకు ఇంతవరకు తగల్లేదు. ఓవర్‌లోడ్ అడుగుతారు, పర్మిట్ అడుగుతారు, మామూలు అడుగుతారు. అమలు కాని చట్టాన్ని అమలు చేయించాల్సింది పోయి, దాని పరిధినే కుదించేశారన్నదే మా అభ్యంతరం.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్లకు పరిమితులుండేవి. 1988 చట్టం, 1989 జూలై నుంచి, తలుపులు బార్లా తెరిచింది. తెరవడం తప్పని మేము అనం. పర్మిట్ ఉన్నవాడే రాజు అయిన రోజుల్లో లారీ దొరకక ధాన్యం మిల్లు దగ్గరే ముక్కిపోయిన సంగతులు పాతవాళ్లు ఇప్పటికీ చెప్తారు. లారీ ఓనర్ల అసోసియేషన్ల సీరియల్ పద్ధతిలోనూ లోపాలున్నాయి. నంబరొచ్చేదాకా బండి కదలదు, బయట బండిని లోడు ఎత్తనివ్వరు, రైతుకీ వ్యాపారికీ వేరే దారి ఉండదు. కాబట్టి పాత రోజులే బంగారం అనే పాట మేము పాడటం లేదు. మా మాట ఒక్కటే, పోటీ పెంచినప్పుడు ఆ పోటీలో కిరాయి ఎక్కడిదాకా దిగొచ్చో ఒక గీత గీయాలి. ఆ గీత ఎవరూ గీయలేదు.

గీత లేకపోతే ఏమవుతుందో 2018 చూపించింది. ఆ జూలైలో కేంద్రం బండ్ల బరువు పరిమితి పెంచింది. పది టైర్ల బండికి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి, పెద్ద ట్రైలర్లకి 49 నుంచి 55కి. ఓనర్లు సంబరపడ్డారు. కానీ మోయాల్సిన సరుకు అంతే ఉండి, మోసే శక్తి మాత్రం రాత్రికి రాత్రి పెరిగితే లోడ్ల కోసం కొట్టుకోవాల్సిందే కదా. టన్ను రేటు కిందికి దిగింది. అదే ఏడాది నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధననూ తీసేశారు. ఆ మరుసటి ఏడాది ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న నిబంధన పోయింది (ఇది మంచిదే, బండి నడిపేవాడికి కావాల్సింది శిక్షణ, టీసీ కాదు). డీజిల్ ధర 2014 అక్టోబర్‌లోనే మార్కెట్‌కి వదిలేశారు, 2017 జూన్‌లో రోజూ ధర మార్చుకునే పద్ధతి తెచ్చారు. టోల్ ఏటా ఏప్రిల్‌లో పెరుగుతుంది. టైరు, ఇన్సూరెన్స్, కిస్తీ ఏదీ ఆగదు. వీటన్నిటి మధ్య ఓనర్ తగ్గించగలిగింది ఒకే ఒక్కటి, డ్రైవర్‌కిచ్చేది.

అదెలా తగ్గుతుందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే జీతం తగ్గించామని ఎవరూ చెప్పరు. ముందు రెండో డ్రైవర్ పోతాడు. తర్వాత క్లీనర్ పోతాడు, అతని పనులు మాత్రం పోవు. కృష్ణపట్నంలో బొగ్గు లోడు ఎత్తాక పైకెక్కి పట్టా కప్పి తాడు బిగించేది డ్రైవరే, రివర్స్‌లో వెనక చూసుకునేదీ అతనే, పంక్చరైతే జాకీ పెట్టేదీ అతనే. నెల జీతం పోయి ట్రిప్పు లెక్కో, కిరాయిలో పర్సెంటేజీనో వస్తుంది. కాటా దగ్గర బొగ్గు కొన్ని కిలోలు తగ్గితే షార్టేజీ అని అతని బత్తాలోంచే కోస్తారు, దారిలో గాలికి పోయిందో, ఎండకి తడి ఆరి తగ్గిందో ఎవరికీ అక్కర్లేదు. మైలేజీ రాకపోతే డీజిల్ కటింగ్. పోర్టు బయట, ప్లాంట్ గేటు బయట రోజంతా ఆగితే ఆ ఆగుడుకి హాల్టింగ్ డబ్బులు రావాలని వ్యవహారం, వచ్చినా అది బ్రోకర్ దగ్గర, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దగ్గర ఆగిపోయి డ్రైవర్ దాకా దిగడం అరుదు. ఓనర్ని తిట్టి లాభం లేదు, అతనూ అడకత్తెరలో పోకచెక్కే. రేటు చెప్పేది సరుకు పంపే షిప్పర్, కమీషన్ కోసేది బ్రోకర్, కిస్తీ వసూలు చేసేది ఫైనాన్స్ కంపెనీ. ఆ బరువంతా చివరికి వచ్చి పడేది స్టీరింగ్ పట్టుకున్నవాడి మీద.

ఇక్కడ మనం సాధారణంగా గమనించని విషయం ఒకటుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి సరిహద్దు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేసినప్పుడు అందరం మెచ్చుకున్నాం, మేమూ మెచ్చుకున్నాం. తడ దగ్గర భీములవారిపాలెంలో బారులు తీరిన లారీలు గుర్తున్నవాళ్లకి అదెంత ఊరటో తెలుసు. కానీ ఆ క్యూలో డ్రైవర్ నిద్రపోయేవాడు. దిక్కుమాలిన నిద్రే, దోమల్లో నిద్రే, అయినా నిద్ర. ఇప్పుడు ఆ మిగిలిన గంటలు విశ్రాంతి కాలేదు, ఇంకో ట్రిప్పు అయ్యాయి. ఫాస్టాగ్ వచ్చాకా అదే. రోడ్డు మీద మిగిల్చిన ప్రతి గంటనీ సరుకు ఓనర్ లెక్కేసుకుని కిరాయిలో దించుకున్నాడు, ట్రిప్పుల లెక్కన జీతం తీసుకునేవాడు అదే డబ్బుకి ఇంకాస్త ఎక్కువ తిరగాల్సి వచ్చింది.

చీమకుర్తి నుంచి గ్రానైట్ బ్లాక్ ఎత్తుకుని ఒంగోలు మీదుగా హైవే ఎక్కే ట్రైలర్ వెనక మీ బైకు ఎప్పుడైనా ఉందా? గొలుసులు, చెక్క ఆపులే ఆ రాయిని పట్టి ఉంచేవి. సడన్ బ్రేకు వేస్తే రాయి ముందుకు, అంటే క్యాబిన్ మీదికి వస్తుందని ఆ డ్రైవర్‌కి తెలుసు, అందుకే కొందరు బ్రేకు వేయడానికి జంకుతారు. ఇటు రొయ్యల బండికి ఐస్ కరిగే టైమే టైము, చెరువు దగ్గర రొయ్యలు పట్టడం ఆలస్యమైనా ప్లాంట్‌కి చేరాల్సిన గంట మారదు. అలాంటి బండ్లు నడిపేవాళ్లు టీ మీద, ఖైనీ మీద రాత్రి గడుపుతున్నారంటే అది వాళ్ల దురలవాటు అని తేల్చేస్తే సరిపోతుందా. ఆపుదామంటే హైవే పక్కన సరైన చోటు లేదు, బండ్లు ఆపుకోవడానికి వదిలిన లేబైలలో కునుకు తీస్తే డీజిల్ ట్యాంకు ఖాళీ అవుతుంది. రోడ్డు అంచున ఆపితే వెనకనుంచి కారో బస్సో వచ్చి గుద్దుతుంది, మర్నాడు మన పేపర్లోనే ‘ఆగి ఉన్న లారీని ఢీకొని’ అని వార్త.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 2025 సెప్టెంబర్‌లో మన సంగం మండలం పెరమన దగ్గర ఇసుక టిప్పర్, కారు గుద్దుకుని ఏడుగురు పోయారు. ఏ ఘోరం జరిగినా మొదట వినపడేది డ్రైవర్ ఎవరు, తాగాడా, పారిపోయాడా అని. అడగాల్సిందే. దాంతోపాటు ఆ బండి ముందురోజు నుంచి ఎన్ని ట్రిప్పులు వేసింది, ట్రిప్పుకెంత ఇస్తున్నారు అన్నవి కూడా ఎఫ్‌ఐఆర్‌లో అడగాలి కదా. ఇవి ఎవరూ అడగరు గానీ, ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న సెక్షన్ మాత్రం సిద్ధం చేశారు. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపేస్తే, బంకుల దగ్గర మనమంతా క్యూ కడితే, దాన్ని పక్కన పెట్టారు. నిబంధనలు సడలించడం సరుకువైపు, బిగించడం డ్రైవర్‌వైపు, లెక్క చూస్తే ఇలాగే కనిపిస్తోంది. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి, 2025లో, కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. నెల్లూరు మే నెల ఎండలో ఇంజిన్ పక్కన కూర్చున్నవాడికి అదెంతో మేలు, మైలేజీ పడిపోతుందని ఏసీ ఆపేయమనకపోతే.

అమెరికా ఈ దారి మనకన్నా ముందే నడిచింది. 1980 జూలైలో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వాళ్లు లారీ రేట్లమీద నియంత్రణ బాగా సడలించారు. సరుకు రవాణా చవకైంది, కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి, యూనియన్ల పట్టు జారిపోయింది, ధరలతో పోల్చి చూస్తే డ్రైవర్ల జీతాలు పడిపోయాయి. మైలు లెక్కన జీతం, లోడింగ్ దగ్గర ఆగిన గంటలకి చాలాసార్లు పైసా లేదు. కానీ అక్కడ కూడా గంటల పరిమితి వదల్లేదు, పదకొండు గంటలు నడిపితే పది గంటలు ఆగాలి, 2017 నుంచి అది బండిలోని ఎలక్ట్రానిక్ పెట్టె లెక్కిస్తుంది. దక్షిణ కొరియా 2020లో కంటైనర్, సిమెంట్ లారీలకి కనీస కిరాయి పెట్టి, డ్రైవర్లు సమ్మెలు చేసినా 2022 చివర్లో వదిలేసి, మళ్లీ 2026 నుంచి తెచ్చుకుంది. ఆస్ట్రేలియా లారీ డ్రైవర్లకి కనీస రేట్లు నిర్ణయించడానికి 2012లో పెట్టిన ట్రిబ్యునల్‌ని 2016లో రద్దు చేసి, 2024లో మరో రూపంలో ఆ అధికారాన్ని తిరిగి చట్టంలో రాసుకుంది. కిరాయి బాగుంటే డ్రైవర్ తొందరపడడు అన్నది వాళ్లకి అనుభవం మీద తెలిసినట్టుంది.

మనకి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 67 కింద సరుకు బండ్లకు గరిష్ఠ, కనిష్ఠ కిరాయిలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇప్పటికే ఉంది. కృష్ణపట్నం బొగ్గు, చీమకుర్తి గ్రానైట్, ఈ రెండు సరుకులకి టన్ను కిలోమీటర్ లెక్కన ఒక కనీస రేటు, అందులో డ్రైవర్ వాటా విడిగా రాసి, డీజిల్ ధరతోపాటు మారేలా పెట్టమని అడుగుతున్నాం. వ్యాపారులు ఎగుమతి దెబ్బతింటుందంటారు. దెబ్బతింటే ఎంతో లెక్క చూపమనండి, కూర్చుని మాట్లాడుకోవచ్చు.

గంటల సంగతికొస్తే, ఆధారాలు లేవని చెప్పడానికి ఇప్పుడు ఎవరికీ వీల్లేదు. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, ఒక్కో టోల్ గేటు దగ్గర లారీ ఏ నిమిషంలో దాటిందో ఫాస్టాగ్‌లో ఉంటుంది, చాలా బండ్లలో జీపీఎస్ ఉంటుంది. ఆ వివరాలతో డబ్బులు వసూలు చేసుకుంటున్నాం, ఈ-వే బిల్లు సరిచూసుకుంటున్నాం. ఒకే బండి పద్దెనిమిది గంటలుగా ఆగకుండా నడుస్తోందని కూడా అదే డేటా చెప్తుంది. రవాణా శాఖ, కార్మిక శాఖ నెలకోసారి ఆ జాబితా తీసి, నోటీసు డ్రైవర్‌కి పంపకుండా ఓనర్‌కీ లోడు ఇచ్చిన కంపెనీకీ పంపితే చాలు. పోర్టు గేటు దగ్గర టోకెన్ ఇచ్చిన టైము, బండి లోపలికెళ్లిన టైము రెండూ రాసి, మధ్య గంటలు ఎక్కువైతే హాల్టింగ్ నేరుగా డ్రైవర్ ఖాతాలో పడేలా నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లు ఇద్దరూ వచ్చే రవాణా సమావేశంలోనే పెట్టించవచ్చు.