మైకు మీది, మాట మాది

ప్రజారోగ్య శాఖలు మత సంస్థలతో, స్థానిక సంఘాలతో చెయ్యి కలపాలని పెద్దలు సెలవిస్తున్నారు. మంచిదే. కాకపోతే కొత్తగా చేరిన అధికారులు అత్యుత్సాహంతో ఆ సంస్థలవారిని నిజంగానే సంప్రదించే ప్రమాదం ఉంది. అలాంటి అనర్థం జరక్కుండా, తలపండిన అధికారుల సంప్రదాయాన్ని ఇక్కడ గ్రంథస్థం చేస్తున్నాం.

ఇమామ్‌నైనా, పూజారినైనా, పాస్టర్‌నైనా పిలవాల్సింది కరపత్రాలు అచ్చయ్యాకే. ముందే పిలిస్తే ఉపవాసాల నెలలో పగలు సూది అంటే జనం జంకుతారంటారు, సాయంత్రానికి మార్చమంటారు. అచ్చయ్యాక పిలిస్తే ఫొటోకు నిలబడతారు.

2003లో ఉత్తర నైజీరియాలోని కానో రాష్ట్రం పోలియో చుక్కలు ఆపేసింది. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు ఒక కారణం. 1996లో అక్కడే మెనింజైటిస్ వచ్చిన పిల్లలపై ఓ విదేశీ మందుల కంపెనీ జరిపిన ప్రయోగం మిగిల్చిన అనుమానం ఇంకొకటి. మన పద్ధతిలో అయితే 'మూఢనమ్మకం' అని రాసి ఫైలు మూసేయొచ్చు. అక్కడ మత పెద్దలతో కూర్చుని మాట్లాడి, చివరికి ముస్లింలు ఎక్కువగా ఉండే ఇండోనేషియాలో తయారైన టీకా తెప్పించి, 2004లో మళ్లీ మొదలుపెట్టారు. వైరస్ మాత్రం చర్చలు ముగిసేదాకా ఆగలేదు, సరిహద్దులు దాటేసింది. ఆ కూర్చోవడమేదో ముందే కూర్చోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, బడ్జెట్‌లో ఆ పద్దు లేదని చెప్పాలి.

2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు మొదట నడిచింది మన పద్ధతే. శవాన్ని సంచిలో పెట్టి తెల్ల సూట్లవాళ్లు పట్టుకుపోవడం. శాస్త్రంలో లోపం లేదు, శవాన్ని తాకితే ఎబోలా అంటుకుంటుంది. జనమే శవాలను దాచి, చాటుగా కడిగి పూడ్చుకుని, శాస్త్రానికి సహకరించలేదు. ఆ నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మత సంస్థలతో కలిసి పద్ధతిని తిరగరాసింది. ముస్లింలకు నీళ్లతో కడిగే బదులు తయమ్ముమ్ (నీళ్లు లేకుండా మట్టితో చేసే శుద్ధి), కఫన్ (శవానికి చుట్టే బట్ట). క్రైస్తవ కుటుంబాలకు వాక్యం చదువుకునే వీలు. వైరస్‌కు అభ్యంతరం లేని చోట అధికారికి ఎందుకని తేల్చుకోవడానికి అన్ని నెలలు పట్టింది.

ఇక అన్నిటికన్నా సుఖమైనది బీపీ శిబిరం. ప్రార్థన ముగిసి జనం బయటికొచ్చే గుమ్మం దగ్గరే బల్ల వేయాలి. పుస్తకం ప్రకారం మనిషిని వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అంతకుముందు అరగంట కాఫీ, సిగరెట్టు ఉండకూడదు. నిమిషం ఎడంతో రెండుసార్లు చూడాలి. ఇలాగైతే గంటకు ఎంతమంది తేలతారు? అందుచేత నిలబెట్టి, కబుర్లాడుతూ, చొక్కా చేతి మీదనే, అందరికీ ఒకే పట్టీ చుట్టేయాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి 'కొత్తగా గుర్తించిన రోగులు' గడి కూడా నిండుతుంది. 140/90 దాటినవారికి చీటీ ఇవ్వాలి. దాని మీద ఆసుపత్రి పేరు చాలు. ఏ రోజు, ఏ గది, చూసేదెవరు అన్నవి అక్కర్లేదు. వెళ్లారో లేదో ఫోన్ చేసి కనుక్కునే మనిషి అసలే అక్కర్లేదు.

లాస్ ఏంజెలెస్‌లో కొందరు ఈ మర్యాద తప్పారు. నల్లజాతివారు నడిపే 52 సెలూన్లలో 319 మంది మగవాళ్లతో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. కొన్ని సెలూన్లలో బార్బర్లు అలవాట్లు మార్చుకోమని, డాక్టరుకు చూపించుకోమని చెప్పారు. మిగతావాటికి ఫార్మసిస్టు స్వయంగా వచ్చి, డాక్టర్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం మందు రాసి, మోతాదు సరిచేశాడు. ఆరు నెలల్లో బీపీ పై అంకె మొదటివారిలో సగటున 9, రెండోవారిలో 27 తగ్గింది. మన శాఖ దీన్నుంచి గ్రహించాల్సింది స్పష్టం: ఉత్త మాటలకే 9 తగ్గుతుంటే ఫార్మసిస్టు జీతం దేనికి?

కండోమ్‌ల సంగతికి ఏ సంస్థ ఒప్పుకుంటుందో, ఏది ఒప్పుకోదో ముందే కాగితం మీద రాసుకుని, ఒప్పుకోని చోట వేరే దారి చూసుకునేవాళ్లూ ఉన్నారట. మనం సభ మధ్యలో మైకులో ప్రకటిస్తాం.

మిగిలింది డబ్బు. వాలంటీర్లది సేవ కనుక దారి ఖర్చులు అడగరు. నిధులు ఎప్పుడు ఆగుతాయో ఒప్పందంలో రాయకూడదు. ఆగాక మందులేవని జనం నిలదీసేది ఇమామ్‌నీ పాస్టర్‌నీ. కరపత్రం మీద వాళ్ల ఫోన్ నంబర్లే వేయించాం.