పొట్టలో చుక్క

నాన్న అరవయ్యో పుట్టినరోజు కార్డుకి ప్రూఫు వచ్చింది. సాయంత్రం ఆరింటికల్లా ఓకే చెప్పమన్నాడు ప్రెస్సువాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఇక ఆరింటికి తెమలదని నాకు అప్పుడే అర్థమైపోయింది.

అమ్మ: ఏమండీ, ఈ ‘షష్ఠిపూర్తి’ రాసిచ్చిందెవరు?

నాన్న: నేనే. బాగుందా?

అమ్మ: పొట్టలో ఆ చుక్కేమిటి?

నాన్న: ఎవరి పొట్టలో?

అమ్మ: ఠ పొట్టలో! చుక్కుంటే షష్ఠి, అంటే ఆరోది. సుబ్రహ్మణ్య షష్ఠి లాగా. అరవై అంటే షష్టి, ట వత్తు. మీకు నిండింది ఆరా, అరవయ్యా?

నాన్న: కార్డు మీద ఫోటో ఉందిగా. జుట్టు చూస్తే తెలీదూ?

అమ్మ: షష్ఠీ విభక్తి కూడా ఇదే ఠ. కిన్, కున్, యొక్క పూర్తయ్యాయని ఊరందరికీ భోజనాలు పెడుతున్నామా?

నాన్న: నోటితో అంటే రెండూ ఒకటేనే! పంతులుగారూ అలాగే అన్నారు.

అమ్మ: అన్నారు, అచ్చు వేయించలేదుగా! మీరు పుట్టింది 1965లో, విశ్వావసులో. అరవై ఏళ్ళ చక్రం తిరిగి మళ్ళీ విశ్వావసు వచ్చింది కాబట్టే ఈ హడావిడంతా. ఆరేళ్ళు నిండినవాణ్ణి ఒకటో తరగతిలో వేస్తారు గానీ మళ్ళీ తాళి కట్టమనరు.

నాన్న: సరేలే, గుర్తుపెట్టుకోవడం ఎలాగో చెప్పు.

అమ్మ: ‘కష్టం’ అని రాయండి.

నాన్న: రాశాను.

అమ్మ: ఆ ‘ష్ట’యే ఇక్కడా. మన కాపురం తలుచుకోండి, జన్మలో మర్చిపోరు.

నాన్న: ‘ఇష్టం’లోనూ అదే ‘ష్ట’ కదే?

అమ్మకి మాట దొరకలేదు. నాకు ఊహ తెలిశాక ఇది రెండోసారి. నాన్న మీసం దువ్వుకుంటూ వంటింటి వైపు చూసి, కాఫీ అడగబోయారు. ఈలోగా అమ్మ కింది లైనుకి దిగింది.

అమ్మ: ఇదేమిటి? ‘శ్వజనులందరూ విచ్చేసి’నా?

నాన్న: మనవాళ్ళందరూ అని.

అమ్మ: మనవాళ్ళయితే స! శ్వ అంటే కుక్కండీ, శ్వానం! మా అన్నయ్యల్నీ వదినల్నీ పట్టుకుని కుక్కలంటారా?

నాన్న: అది తప్పు కాదే. ఆ కార్డులు మీ పుట్టింటికే.

ఆరున్నరకి ప్రెస్సువాడు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు.